దోర్దోన్ ఒడ్డున ఏడు రోజులు

మా నాన్నగారు 32 ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేశారు. ఆయన రేకుపెట్టెలో రవివర్మ బొమ్మల నకళ్ళు, పిల్లలు గీసిన మామిడిపిందెలు, మరచెంబులు ఉండేవి. వాటన్నిటి అడుగున, ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన కాగితం ఒకటి ఉండేది. దానిమీద పసుపుపచ్చని గుర్రం. ఉబ్బిన పొట్ట, పొట్టి కాళ్ళు, నల్లని జూలు. కింద "లాస్కో గుహ, ఫ్రాన్సు" అని అచ్చు. ప్రతి ఏడూ బడి తెరవగానే ఆ కాగితం తరగతిలో చూపించేవారు. "ఒరే, దీన్ని గీసినవాడికి కాగితం లేదు, రబ్బరు లేదు, డ్రాయింగు మాస్టరు అసలే లేడు. అయినా ఆ వీపు గీత చూడండి, ఎక్కడైనా తడబడిందేమో!" అనేవారు. నేనూ ఆ తరగతిలో కూర్చున్నవాణ్ణే. గీత మాత్రం నాకు పట్టుబడలేదు. తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను.

ఇప్పుడు నాన్నగారికి 76 ఏళ్ళు. రెండేళ్ళ కిందట కంటి డాక్టరు పరీక్షచేసి నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగిరాదనీ, మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలనీ చెప్పారు. ఈ జబ్బు చిత్రమైనది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు మూసుకుపోతాయి. గొట్టంలోంచి లోకాన్ని చూసినట్టన్న మాట. కంచంలో అన్నం కనిపిస్తుంది, కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు కనిపించదు. ఆ గొట్టం కూడా నెలనెలా సన్నబడుతున్నదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనము.

మా తమ్ముడు ఫ్రాన్సులో, విమానాలు తయారుచేసే తూలూజు నగరంలో ఇంజనీరు. "ఈ వేసవికి అందరూ రండి" అని పట్టుబట్టాడు. నాన్నగారు ఫోనులో ఒక్కటే ప్రశ్న వేశారు: "ఒరే, ఆ గుర్రం మీ ఊరికి దగ్గరేనా?"

"కారులో మూడు గంటలు, నాన్నగారూ. కాని అసలు గుహ 1963లోనే మూసేశారు. ఇప్పుడు చూపించేది నకలు."

నాన్నగారు కొంచెంసేపు మాట్లాడలేదు. "పోనీలే, ఏదుంటే అదే చూద్దాం" అన్నారు.

ఆ మాట కోసమే మేము జూన్ రెండో వారంలో దోర్దోన్ లోయకు బయలుదేరాం. నాన్నగారు, నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి, తమ్ముడు, మరదలు, ఆరేళ్ళ వాళ్ళ బుజ్జిగాడు - వెరసి ఏడుగురం.

గుడారాల కాపురం

ఏడుగురికి వారంరోజులు హోటలంటే మా వంటివాళ్ళకు తలకు మించిన పని. అందుకని తమ్ముడు గుడారాల మార్గం చెప్పాడు. ఫ్రాన్సులో వేసవి వచ్చిందంటే డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా గుడారాలు కారుమీద వేసుకుని పల్లెలకు బయలుదేరతారు. ప్రతి చిన్న ఊరి శివార్లలోనూ, ఏటి ఒడ్డున చెట్ల నీడన ఒక విడిది ఉంటుంది. దాన్ని "కాంపింగ్" అంటారు. పచ్చని కంచెలతో గదులు గదులుగా విడదీసిన గడ్డినేల, కరెంటు స్తంభం, నీళ్ళ కుళాయి, కాస్త దూరంలో స్నానాల గదులు, గిన్నెలు తోముకోవడానికి వరసగా తొట్లు. రాత్రి ఆఫీసులో చెప్పి వస్తే పొద్దున్నే వేడి రొట్టె సిద్ధం. ఆ తొట్ల దగ్గరే లోకాభిరామాయణమంతా నడుస్తుంది. మన ఊళ్ళో చెరువుగట్టు చేసే పని అక్కడ అవి చేస్తాయి.

రెండు చిన్న గుడారాలు మేము వేసుకున్నాం. నాన్నగారికి మంచంతో సహా ఉన్న కాన్వాసు గది ఒకటి అద్దెకు తీసుకున్నాం. మొదటిరోజు సాయంత్రమే ఒక చిక్కు వచ్చిపడింది. గుడారాలకు నాలుగువైపులా నేలకు బిగించిన తాళ్ళు! పక్కచూపు లేని మనిషికి అవి ఉచ్చుల్లాంటివి. ఏం చెయ్యాలా అని నేనూ తమ్ముడూ తర్జనభర్జన పడుతూ ఉండగానే, మా అమ్మాయి తన పసుపుపచ్చ చున్నీ ఒకటి చింపి, ప్రతి తాడుకూ ఒక పీలిక కట్టేసింది. వాళ్ళమ్మ కొత్త చున్నీ అని కోప్పడబోయి ఊరుకుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే, పక్కనున్న హాలెండు దంపతుల గుడారపు తాళ్ళకు కూడా తెల్ల రుమాళ్ళు కట్టి ఉన్నాయి. మేమెవరమూ అడగలేదు. ఆ ముసలాయన చూశాడు, అర్థం చేసుకున్నాడు, అంతే.

జూన్‌లో అక్కడ రాత్రి పది కావస్తేగాని చీకటి పడదు. మా ఆవిడ గ్యాసు పొయ్యిమీద చారు పెడితే ఇంగువ వాసన కంచెలు దాటి వెళ్ళింది. హాలెండావిడ తొంగిచూసింది. పులిహోర ఒక గిన్నెతో అటు వెళితే, మర్నాడు అదే గిన్నెనిండా చెర్రీపళ్ళు ఇటు వచ్చాయి. వట్టి గిన్నె తిప్పి పంపకూడదన్న సంగతి వాళ్ళకూ తెలుసునన్న మాట!

ఏటికి రెండువైపులా రెండు కోటలు

దోర్దోన్ నది ఫ్రాన్సు నడిగడ్డ కొండల్లో పుట్టి, పడమరగా సుమారు 480 కిలోమీటర్లు ప్రవహించి, బోర్దో నగరం దిగువను గారోన్ నదితో కలుస్తుంది. ఈ ప్రాంతానికి పాతపేరు పెరిగోర్. ఇక్కడ వెయ్యిన్నొక్క కోటలున్నాయని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. లెక్కపెట్టినవాళ్ళెవరో తెలియదుగాని, ఏ మలుపు తిరిగినా ఒక బురుజు కనిపించడం మాత్రం నిజం.

వాటిలో ముఖ్యమైనవి రెండు. ఉత్తరపు ఒడ్డున 150 మీటర్ల కొండకొమ్ముపైన బేనాక్ కోట. ఎదురుగా దక్షిణపు ఒడ్డున కాస్తెల్నో కోట. ఒకదాని కిటికీలోంచి చూస్తే రెండోది కనిపిస్తుంది. నూరేళ్ళ యుద్ధమని చరిత్రలో పేరుపడ్డ పోరు 1337 నుంచి 1453 దాకా, అంటే 116 ఏళ్ళు సాగింది. ఆ రోజుల్లో బేనాక్ ఫ్రెంచి రాజుది, కాస్తెల్నో చాలాకాలం ఇంగ్లీషువాళ్ళ పక్షం.

ఇంగ్లండు రాజుకు ఫ్రాన్సు మధ్యలో ఏం పని అని మా ఆవిడ అడిగింది. పని పెళ్ళితో మొదలయింది. ఈ అక్వితేన్ సీమకు వారసురాలైన ఎలియనోర్ 1152లో హెన్రీ అనే ప్రభువును పెళ్ళాడింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన ఇంగ్లండుకు రాజయ్యాడు. పెళ్ళాం పుట్టింటి ఆస్తి ఆ విధంగా ఇంగ్లండు రాజుల చేతిలోకి వచ్చింది. ఆ తరువాత తగాదాలు తరతరాలు నడిచాయి. దాయాదుల పోరంటే పల్నాటి కథ విన్నవాళ్ళకు వేరే చెప్పాలా? కాస్తెల్నో ఎన్నోసార్లు చేతులు మారి, చివరికి 1442లో ఫ్రెంచివారి వశమయింది. యుద్ధాన్ని ముగించిన కాస్తియోన్ సమరం కూడా 1453లో ఈ దోర్దోన్ నది దిగువ ఒడ్డునే జరిగింది.

కాస్తెల్నోలో ఇప్పుడు మధ్యయుగపు ఆయుధాల మ్యూజియం ఉంది. ఒకవైపు బరువు వేలాడదీసి, రెండోవైపు వడిసెలతో బండరాళ్ళు విసిరే పెద్ద పెద్ద కొయ్య యంత్రాలు కోట ముంగిట నిలబెట్టారు. మా బుజ్జిగాడు వాటి దగ్గర్నుంచి కదలనన్నాడు.

అక్కడే నావల్ల ఒక తప్పు జరిగింది. కోట మెట్లు ఎత్తుపల్లాలుగా, అరిగిపోయి ఉన్నాయి. నాన్నగారు ఒక మెట్టు తప్పి ముందుకు పడ్డారు. మోకాలు దోక్కుపోయింది. నేను పరుగెత్తి పట్టుకుని, భయంలో, "చూసుకుని నడవొద్దూ, నాన్నగారూ!" అని కేకవేశాను.

మాట నోట్లోంచి వెళ్ళిపోయింది. నాన్నగారు పంచె దులుపుకుని, "చూసుకునే నడిచాను రా" అన్నారు నెమ్మదిగా. అప్పటినుంచి గంటసేపు నేను ఆయన మొహంకేసి చూడలేకపోయాను.

మా అమ్మాయి మాత్రం ఏమీ ఎరగనట్టు తాతయ్య చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, నీ ఎడంపక్కన గోడ. దానిలో సన్నటి కిటికీ, బాణాలు వెయ్యడానికి. కుడిపక్కన ఏమీ లేదు, కింద ఏరు. ఏటికవతల కొండమీద బేనాక్ కోట" అని చెప్పడం మొదలుపెట్టింది. నాన్నగారు ఆ చెప్పిన వైపు తలతిప్పి తన గొట్టపుచూపును అక్కడ నిలిపేవారు. "ఊఁ, చెప్పు. బురుజు గుండ్రమా, పలకలా?" అని అడిగేవారు. ఆ వారమంతా తాతామనవలిద్దరూ అలాగే లోకాన్ని చూశారు.

కొండకింద ఊరు, కొండమీద ఊరు

లా రోక్ గజాక్ అనే ఊరు ఏటికీ నిలువు కొండకూ మధ్య ఒకే వరసగా ఉంది. తేనెరంగు రాతి ఇళ్ళకు వెనకగోడ కొండే. చలిగాలి సోకని చోటు కావడంవల్ల అక్కడ తాటిజాతి చెట్లు కూడా పెరుగుతున్నాయి. చూస్తే కొండ తల్లికోడిలా ఊరును రెక్కల కింద దాచుకున్నట్టు ఉంటుంది. కాని 1957 జనవరిలో ఒకనాడు ఆ కొండచరియే విరిగిపడి ముగ్గురు చనిపోయారు, ఇళ్ళు నుగ్గయిపోయాయి. మళ్ళీ అక్కడే కట్టుకున్నారు. ఆ ఊరినుంచి "గబార్" అనే అడుగు చదునైన పడవల్లో షికారు తిప్పుతారు. ఒకప్పుడు ఇలాంటి పడవల్లోనే కలపా, ద్రాక్షసారా పీపాలూ దిగువకు వెళ్ళేవి. మా ఆవిడకు పాపికొండల లాంచీ గుర్తుకు వచ్చింది.

ఎదుటి కొండమీద ఊరి పేరు దోమ్. పాఠకులు నవ్వకూడదు సుమా! పేరు దోమ్, కాని దోమలన్నీ కింద మా గుడారాల్లోనే ఉన్నాయి. 1281లో ఫ్రెంచి రాజు మూడవ ఫిలిప్పు ఈ కోటగోడల ఊరుకు పునాది వేయించాడు. ఊరి అంచున నిలబడితే లోయ అంతా ఒక్కసారిగా పరుచుకుంటుంది. ఏరు వంపు తిరుగుతూ, అక్రోటు తోటలు గళ్ళుగళ్ళుగా. "ఇది నాకు ఒక్కసారిగా కనిపించదు. ముక్కలు ముక్కలుగా చూసి అతుక్కుంటాను, తొందర పెట్టకండి" అన్నారు నాన్నగారు. అరగంట నిలబడి అతుక్కున్నారు.

సార్లా పట్టణంలో శనివారం సంత. ఈ పట్టణం సంగతి కొంచెం చెప్పాలి. మధ్యయుగపు రాతి భవనాలు పాడుపడి కూలిపోతూ ఉంటే, 1962లో ఫ్రాన్సు సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో ఒక చట్టం తెచ్చాడు. ఆయన పేరుపొందిన నవలాకారుడు కూడాను. పాత ఇల్లు ఒక్కదాన్నే కాదు, దాని చుట్టూ ఉన్న పాతపేట మొత్తాన్ని కాపాడాలని ఆ చట్టం చెప్పింది. దానివల్ల మొట్టమొదట బాగుపడ్డ ఊళ్ళలో సార్లా ఒకటి. ఇప్పుడు ఆ సందుల్లో నడుస్తుంటే అయిదువందల ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టే ఉంటుంది. ఈ మంత్రి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

సంతలో ఒకటే గుబాళింపు. స్ట్రాబెర్రీపళ్ళు, అక్రోటు కాయలు, అక్రోటు నూనె, "కబేకూ" అనే బిళ్ళల్లాంటి మేకపాల జున్ను. నల్ల ట్రఫుల్ అనే భూమిలోని కుక్కగొడుగు ఈ సీమకు పెద్ద పేరు తెచ్చింది. ఓకు చెట్ల వేళ్ళ దగ్గర పెరిగే ఆ సరుకును కుక్కలు వాసనపట్టి తవ్వించి పెడతాయి. అది చలికాలపు పంట కనుక మాకు సీసాల్లోనే దర్శనం. తక్కినదంతా బాతుల రాజ్యం. ఉప్పు పట్టించి దాని కొవ్వులోనే నెమ్మదిగా ఉడికించిన బాతుకాలు ఇక్కడి వంటల్లో మేటి. తమ్ముడు తిని మెచ్చుకున్నాడు. "ఫ్వా గ్రా" అనే వంటకం మాత్రం వద్దన్నాను. బాతులకూ హంసబాతులకూ గొట్టంతో బలవంతాన మొక్కజొన్న మేపి, కాలేయం ఉబ్బించి చేసేది అది. మన దేశం 2014లో దాని దిగుమతిని నిషేధించింది. అక్కడివాళ్ళకు అది పండుగ భోజనం. వాళ్ళను నిందించడానికి నేనెవణ్ణి? నాకు ముద్ద దిగదు, అంతే.

మా ఆవిడ పుట్టు శాకాహారి. ఒక భోజనశాలలో బంగాళాదుంపల వేపుడు వచ్చింది. వెల్లుల్లి, కొత్తిమీరను పోలిన ఆకు వేసి, అంచులు ఎర్రగా కరకరలాడేలా వేయించారు. "చూశారా, వేపుడంటే ఇదీ! మనింట్లో ఎన్నడైనా ఇలా కుదిరిందా?" అంటూ రెండోమారు కూడా వడ్డించుకుంది. మరదలు ఏదో చెప్పబోయి, చెప్పలేక, తమ్ముడికేసి చూసింది. తమ్ముడు కప్పుకేసి చూశాడు. సంగతేమిటంటే సార్లా బంగాళాదుంపలు వేయించేది బాతుకొవ్వులో! తెలిశాక మా ఆవిడ పావుగంట మౌనం పాటించింది. తరువాత, "తెలియక చేసినదానికి పాపం లేదు. కాని అక్రోటు కేకులో ఏం వేస్తారో ముందే కనుక్కోండి" అంది. కనుక్కున్నాం. వెన్న. బతికాం.

వంటింటి మెట్టుమీద రాణి

మిలాంద్ కోట 1489లో కట్టినది. దాన్ని 1947లో కొన్నది ఏ జమీందారో కాదు, జోసెఫిన్ బేకర్ అనే నాట్యకత్తె. 1906లో అమెరికాలో బీద నల్లజాతి కుటుంబంలో పుట్టి, పారిస్ వచ్చి, పాటతోనూ ఆటతోనూ లోకాన్ని ఊపింది. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు విముక్తికోసం రహస్యంగా పనిచేసింది. నానాదేశాల పిల్లల్ని పన్నెండుమందిని పెంచుకుని, మనుషులంతా ఒకే ఇంట్లో ఉండగలరని చూపించాలనుకుంది. అప్పులు మింగేశాయి. 1968లో కోట అమ్ముడుపోయింది. మరుసటేడు ఆమెను బయటికి పంపేసినప్పుడు వంటింటి గుమ్మం మెట్టుమీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ఫోటో లోకమంతా చూసింది. 1975లో చనిపోయింది. 2021లో ఫ్రాన్సు తన మహనీయులకు సమాధిమందిరమైన పాంథియోన్‌లో ఆమెకు చోటిచ్చింది. మా ఆవిడ హాళ్ళూ దీపాలూ వదిలేసి, ఆ వంటింటి మెట్టు దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది.

పసుపు గుర్రం

అయిదోరోజు లాస్కో. 1940 సెప్టెంబరులో మోంటిన్యాక్ గ్రామపు కుర్రవాడు మార్సెల్ రవిదా, చెట్టు కూలినచోట ఏర్పడిన ఒక గుంట కనిపెట్టాడు. అతని కుక్కే దాన్ని చూపించిందని చెబుతారు. 12వ తేదీన మరి ముగ్గురు స్నేహితులతో కలిసి లోపలికి దిగాడు. దీపం వెలుగులో గోడలనిండా ఎద్దులు, గుర్రాలు, దుప్పులు! 17 వేల ఏళ్ళకు పైబడ్డ బొమ్మలవి. వాటిలో ఒక ఎద్దు 5 మీటర్లు దాటి పొడవుంటుంది. ఎర్రమన్ను, పసుపుమన్ను, నల్లని మాంగనీసు రాయి రంగులు. రాతి ప్రమిదలో జంతువుల కొవ్వు దీపం. ఇంకో విచిత్రం: ఆ మనుషులు తిని పారేసిన ఎముకల్లో ఎక్కువభాగం రెయిన్‌డీర్ దుప్పులవి. గోడలమీద మాత్రం ఆ దుప్పి దాదాపు కనిపించనే కనిపించదు. తిన్నది వేరు, గీసినది వేరు.

1948లో గుహను జనానికి తెరిచారు. కనిపెట్టినవాళ్ళలో ఇద్దరు అక్కడే గైడులుగా కుదిరారు. రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చేవారు. ఇన్ని వేల ఏళ్ళు చెక్కుచెదరని బొమ్మలకు పదిహేనేళ్ళలో జబ్బు చేసింది. కారణం మన ఊపిరి! మనుషుల శ్వాసలోని బొగ్గుపులుసు గాలి, చెమట, వేడి, దీపాల వెలుగు - వీటివల్ల గోడలకు పచ్చని నాచు పట్టింది, తెల్లని సున్నపు పొర కమ్మింది. 1963 ఏప్రిల్‌లో గుహను మూయించిన మంత్రి ఎవరనుకున్నారు? ఆ ఆంద్రే మాల్రోయే. ఒక చట్టంతో పాత ఊరు తెరిపించాడు, ఒక ఉత్తరువుతో గుహ మూయించాడు. రెండూ కాపాడడానికే.

1983లో ఒకభాగానికి నకలు తయారయింది. 2016లో కొండ అడుగున మొత్తం గుహను పోలిన కొత్త నకలు తెరిచారు. గోడల ఎగుడుదిగుళ్ళన్నీ యంత్రాలతో కొలిచి, బొమ్మలు చేత్తోనే వేశారు. లోపల గుహలోని చల్లదనమే, ఆ చీకటే.

నిజం చెప్పొద్దూ, నాకు మనసు పట్టలేదు. ఇంతదూరం వచ్చి ప్లాస్టరు గోడలు చూడడమా అనిపించింది. నాన్నగారు మాత్రం పిల్లవాడిలా నడిచారు. ఒక సన్నని సొరంగంలో అమ్మాయి ఆయన తల కొంచెం పైకెత్తి, "అదిగో తాతయ్యా!" అంది. పసుపు గుర్రం. ఉబ్బిన పొట్ట, పొట్టి కాళ్ళు, నల్లని జూలు. వెనకవాళ్ళు ముందుకు సాగమంటున్నా ఆయన కదలలేదు.

బయటికి వచ్చాక నా అసంతృప్తి పైకి అనేశాను. నాన్నగారు నవ్వారు. "నేను బతుకంతా నకళ్ళు చూపించి పాఠం చెప్పినవాణ్ణి. నా దగ్గరున్నది కాగితంమీద నకలు, ఇది రాతికొలత నకలు. అసలుది చీకట్లో చల్లగా ఉంది. ఉండనీ. మనం చూడకపోయినా అది ఉండడం ముఖ్యం గదా" అన్నారు. కొంచెం ఆగి, అడగలేక అడిగినట్టు, "చెయ్యి తగిలిన అసలు గీత ఒక్కటైనా చూడనిచ్చే చోటు లేదంటావా?" అన్నారు.

కొండలో రైలు

రంగుబొమ్మల అసలు గుహ ఫోన్ ద గోమ్ దగ్గరలోనే ఉంది. కాని రోజుకు కొద్దిమందినే పంపుతారు, టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి, పైగా కొండబాట ఎక్కాలి. ఏం చెయ్యాలా అనుకుంటుంటే, గిన్నెల తొట్ల దగ్గర హాలెండాయన చెప్పాడు: "రూఫిన్యాక్ వెళ్ళండి. అక్కడ కూర్చునే చూడవచ్చు."

రూఫిన్యాక్ గుహ 8 కిలోమీటర్ల చీకటి దారుల చిక్కు. 1959 నుంచి దానిలో చిన్న ఎలక్ట్రిక్ రైలు నడుపుతున్నారు. జనం ఎక్కడపడితే అక్కడ తిరగకుండా, దీపాలు ఎప్పుడూ వెలుగుతూ ఉండకుండా ఈ ఏర్పాటు. పెద్దవయసువాళ్ళకు వరమే అనాలి. నాన్నగారు శాలువా కప్పుకుని ముందు బెంచీమీద కూర్చున్నారు. పక్కన మనవరాలు. గంట మోగినట్టు చిన్న చప్పుడు, రైలు చీకట్లోకి జారింది. మొదట ఎలుగుబంట్లు చలికాలమంతా పడుకున్న గుంటలు, గోడలమీద వాటి గోళ్ళ గీతలు. తరువాత రైలు ఆగింది. గైడు లాంతరు ఏటవాలుగా పట్టాడు. గోడలోంచి ఒక మామత్, మన ఏనుగుకు జడలు పెంచినట్టు, మెల్లగా బయటికి వచ్చింది. లాంతరు పక్కకు జరపగానే రాయిలోకి వెళ్ళిపోయింది.

ఈ గుహలో మామత్‌లు నూటయాభైకి పైగా ఉన్నాయట. 13 వేల ఏళ్ళ కిందటివని అంచనా. రంగులు లేవు. నల్లరాతి ముక్కతో గీసినవి కొన్ని, గోడమీద గీరినవి కొన్ని. ఒట్టి గీత. నాన్నగారికి కావలసింది అదే.

చివరికి పెద్ద కప్పు అనే చోట రైలు దింపారు. తలపైన రాతికప్పునిండా అరవైకి పైగా జంతువులు ఒకదానిమీద ఒకటి: మామత్‌లు, గుర్రాలు, అడవిదున్నలు, కొండమేకలు, బొచ్చు ఖడ్గమృగాలు. మధ్యమధ్య పాతకాలపు యాత్రికులు కొవ్వొత్తి పొగతో రాసుకున్న పేర్లు. ఆ పిచ్చి మనకొక్కరికే కాదన్న మాట! గైడు చెబుతుంటే తమ్ముడు తెలుగులో చెప్పాడు: "ఇప్పుడు మనం నిలబడ్డ నేల తరువాత తవ్వినది. బొమ్మలు గీసిననాడు నేలకూ కప్పుకూ మధ్య మీటరు ఎత్తే ఉండేది. గీసినవాళ్ళు వెల్లకిలా పడుకునో, ముడుచుకునో గీశారు. మొహానికి బారెడు దూరంలో రాయి. కనక గీసే బొమ్మను మొత్తంగా ఒక్కసారి కూడా చూసి ఉండరు."

నాన్నగారు తల పూర్తిగా వెనక్కి వాల్చారు. నేను వెనకనుంచి భుజాలు పట్టుకున్నాను. ఆయన చూపు ఒక మామత్ తలదగ్గర మొదలై, వీపుమీదుగా, గీత వెంబడే మెల్లగా పాకింది. ఆయన చూపుడువేలు కూడా గాలిలో దాని వెంట కదులుతున్నది. తోకదాకా వెళ్ళి ఆగింది.

"వీడూ నాలాగే చూశాడురా" అన్నారు.

నా చేతుల్లో ఆయన భుజాలు చాలా తేలికగా ఉన్నాయి. కోటమెట్లమీద అన్న మాటకు అప్పుడు క్షమాపణ చెప్పుకుందామనుకున్నాను. గొంతు పెగల్లేదు. ఆయనే నా చెయ్యి తట్టి, "పద, రైలు వెళ్ళిపోతుంది" అన్నారు.

ఆఖరి సాయంత్రం

చివరిరోజు గుడారాలు విప్పేముందు మా అమ్మాయి తన నోటుబుక్కూ, సార్లాలో కొన్న బొగ్గు పెన్సిలూ తెచ్చి తాతయ్య ఒళ్ళో పెట్టింది. ఆయన పెన్సిలు పట్టి రెండేళ్ళయింది. జబ్బు తెలిసిన మర్నాడే రేకుపెట్టెకు తాళం వేసేశారు. మేమందరం ఏదో పనిలో ఉన్నట్టు నటిస్తూ అటే చూస్తున్నాం. హాలెండాయన కూడా కంచెమీదుగా చూస్తున్నాడు.

నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. ఎడంచేత్తో కాగితం అంచులు తడిమి కొలుచుకున్నారు. కుడిచెయ్యి ఒక్కసారి గాలిలో తిరిగి, కాగితంమీద వాలింది. ఎత్తయిన తల, మెడ దగ్గర పల్లం, జారుడుబల్లలాంటి వీపు, తోక, కాళ్ళు, పొట్టకింద జుట్టు, మళ్ళీ పైకి తొండం. ఎక్కడా తడబడలేదు.

"తొండం నుదుటితో కలిసిందా అమ్మా?" అని అడిగారు.

అమ్మాయి దగ్గరగా చూసింది. అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను.

"లేదు తాతయ్యా. ఇంత ఖాళీ ఉంది" అని ఆయన వేలు పట్టుకుని ఆ చోటుమీద పెట్టింది.

నాన్నగారు ఆ ఖాళీని వేలితో రెండుసార్లు తడిమారు. "ఉండనీ. ఇంకో కాగితం తీయి" అన్నారు.